మూడింటికి మెలకువ: ఒక ఇంజినీరింగ్ విద్యార్థి నిద్రలేమి కేసు

ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి, అతని తండ్రి ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ఊరు, కాలేజీ, బ్రాంచి రాయడం లేదు. రొయ్యల చెరువు సంగతి మాత్రం మార్చలేదు. అది తీసేస్తే ఈ కేసులో చెప్పడానికి ఏమీ మిగలదు, పైగా గోదావరి డెల్టాలో అలాంటి ఇళ్లు లెక్కలేనన్ని.

నేను కాకినాడలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. చుట్టుపక్కల ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల నుంచి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి నిద్ర చెడిపోయి ఉంటుంది. కానీ నిద్ర కోసమని వచ్చేవాళ్లు చాలా తక్కువ. తలనొప్పి అంటారు, మతిమరుపు అంటారు, ఏమీ చేయబుద్ధి కావట్లేదంటారు. అడిగితే గానీ నిద్ర మాట బయటికి రాదు. అడిగినా "హాస్టల్లో అందరూ అంతేనండి" అని దాటేస్తారు. వైద్యం వైపు నుంచి కూడా ఒక ధోరణి ఉంది. ముందు డిప్రెషన్ తగ్గనిద్దాం, నిద్ర తర్వాత అదే దారిలో పడుతుంది అనుకుంటాం. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం అదే. ఇందులో నిద్రకే నేరుగా వైద్యం చేశాం. అంతకన్నా ముందు, ఆ కుర్రాడి లెక్కలో నిద్రపోవడమంటే ఏమిటో తెలుసుకోవాల్సి వచ్చింది.

ఎందుకు పంపించారు

వయసు 20. బీటెక్ మూడో సంవత్సరం. సొంతూరు భీమవరం వైపు, ఉండేది కాకినాడ హాస్టల్లో. సెప్టెంబరు నెలాఖరులో క్లాస్ టీచర్ పంపించారు. ఉదయం మొదటి రెండు పీరియడ్లకు రావడం మానేశాడు. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, 65 దాకా పడితే కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు, అంతకన్నా పడితే డిటైన్ చేస్తారు. ఇతను ఆ అంచుకొచ్చాడు. రెండో సంవత్సరం చివరిదాకా మార్కుల్లో పేరు పెట్టడానికి లేని పిల్లాడు.

"తలనొప్పండి. చదివింది గుర్తుండట్లేదు. మిడ్స్‌లో తెలిసిన ప్రశ్నే వచ్చింది మేడం, పేపరు మీద పెన్ను పెట్టి అలా ఉండిపోయానండి." ఇంతే చెప్పాడు.

కూర్చున్నంతసేపు ఫోను తిరగేసి తొడ కింద పెట్టుకున్నాడు. కాసేపటికోసారి తీసి చూస్తాడు. మెసేజ్ ఏమీ ఉండదు, మళ్లీ తొడ కింద పెట్టేస్తాడు. ఈ వయసు పిల్లలు ఫోను చూస్తే మొహంలో ఏదో ఒక ఆసక్తి ఉంటుంది. ఇతని మొహంలో అది లేదు. చూడగానే భుజాలు కొంచెం కిందికి దిగేవి. అది రాసిపెట్టుకున్నాను.

నిద్ర గురించి గుచ్చి గుచ్చి అడిగితే తేలింది ఇది. రాత్రి పన్నెండింటికి మంచం ఎక్కుతాడు. ఒంటిగంటన్నర దాకా ఫోను. ఎలాగో కన్నంటుకుంటే మూడింటికి అటూ ఇటూగా ఎవరో తట్టి లేపినట్టు ఉలిక్కిపడి లేస్తాడు. గుండె దడదడ. ఫోను చూస్తాడు. ఆ తర్వాత ఐదింటి దాకా నిద్ర రాదు. ఐదు తర్వాత వచ్చే నిద్ర తొమ్మిదింటికి గానీ వదలదు. టిఫిన్ ఉండదు, ఫస్ట్ అవర్ పోతుంది. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే రెండు గంటలు పడిపోతాడు. రాత్రి పదకొండింటికి హాస్టల్ గేటు దగ్గర టీ, ఒక్కోసారి రెండు టీలు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా మంచం మీదే. ఇలా మూడు నెలలు దాటింది.

పడుకోవాలంటే భయంగా ఉంటుందా అని అడిగాను.

"భయం కాదండి. పడుకుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంటుందండి."

ఇన్నేళ్లలో నిద్రలేమితో వచ్చిన పిల్లల దగ్గర ఈ మాట వేరే వేరే రూపాల్లో విన్నాను. ఇంత సూటిగా ఎవరూ అనలేదు.

చెరువు గట్టు మీద రాత్రి

నాన్నకు ఆరెకరాల సొంత చెరువు, పక్కనే ఎనిమిదెకరాలు లీజు. వేసేది వనామీ రకం రొయ్య. రొయ్యల రైతు ఇంట్లో రాత్రి ఎలా గడుస్తుందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను. పగలు ఎండకు నీటిలోని పచ్చటి నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దు గూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. రొయ్య పీలుస్తుంది, నాచు పీలుస్తుంది, అడుగున కుళ్లే మేత కూడా ఆక్సిజన్ తినేస్తుంది. అందుకే నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుండేది తెల్లవారుజామున. మబ్బు పట్టిన రోజైతే మరీ తక్కువ. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి రాకుండా చూసుకోవాలని నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిప్పుతారు. కరెంటు పోతే వెంటనే జనరేటరు అందుకోవాలి. అందుకోకపోతే ఒత్తుగా వేసిన చెరువులో రొయ్య పైకి తేలడానికి ఎంతోసేపు పట్టదు. రెండు మూడింటికి లేచి గట్టు మీదికెళ్లి టార్చిలైటు వేసి చూడడం ఆ ఇళ్లలో దినచర్య. ఇతను హైస్కూలు రోజుల నుంచీ సెలవుల్లో నాన్నతో ఆ షెడ్డులో పడుకున్నవాడే.

మధ్యలో ఇంటర్ రెండేళ్లు ఒక రెసిడెన్షియల్ కాలేజీ. ఐదింటికి లేపడం, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్, కునికితే నిలబెట్టడం. "నిద్రపోతే ర్యాంకు పోతుంది" అని రోజూ చెప్పేవారట. చిన్నప్పుడు చెరువు దగ్గర నేర్చుకున్న పాఠం అక్కడ బాగా గట్టిపడింది.

జూన్ మొదటి వారం. రెండో సంవత్సరం పరీక్షలు అయ్యాయి, ఇతను ఇంట్లో ఉన్నాడు. నాన్నకు ఒళ్లు నొప్పులు, జ్వరం. గట్టు మీద కాపలా ఉండే మనిషి పెళ్లికని వాళ్ల ఊరు వెళ్లాడు. "నేను పడుకుంటాలే నాన్నా షెడ్డులో" అని ఇతనే అన్నాడు. పన్నెండున్నర దాకా మెలకువగా ఉన్నాడు, ఏరేటర్లు బాగానే తిరుగుతున్నాయి. గాలిదుమారం లేచి కరెంటు పోయింది. జనరేటరు అందుకోలేదు. ఏరేటర్ల మోత ఆగిపోయాక వచ్చే నిశ్శబ్దానికి ఎప్పుడూ తనకు మెలకువ వచ్చేదని, ఆ రాత్రి రాలేదని చెప్పాడు. లేచేసరికి నాలుగున్నర. టార్చి వేస్తే గట్టు పొడవునా తెల్లగా.

పట్టుబడికి మూడు వారాలుంది. లీజు, మేత, సీడు (రొయ్య పిల్లలు), అన్నీ అప్పు మీద నడిచిన పంట.

పొద్దున్నే గట్టు మీద జనం చేరారు. లీజు చెరువులో వాటా ఉన్న బాబాయి అందరి ముందు "కుర్రాణ్ణి కాపలా పెడితే పడుకున్నాడు" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. చచ్చిన రొయ్య తీయించి, సున్నం జల్లించి, వారంలో మళ్లీ పనిలో పడిపోయాడు. బాబాయి మాట కన్నా నాన్న మౌనమే ఇతనికి ఎక్కువ గుచ్చుకుంది. "నాన్న తిట్టుంటే బాగుండేదండి" అన్నాడు.

కాలేజీ తెరిచాక కాకినాడ వచ్చేస్తూ ఒక పని చేశాడు. ఏరేటర్ల స్టార్టరుకు కరెంటు పోతే ఫోన్‌కు మెసేజ్ వచ్చే పరికరం ఉంది. అందులో నాన్న నంబరుతో పాటు తన నంబరూ పెట్టుకున్నాడు. మూడింటికి లేచి చూసేది దాని కోసమే. తొడ కింద ఫోను సంగతి నాకు అప్పుడు అర్థమైంది. ఇక్కడి నుంచి ఆ చెరువు దగ్గరికి బస్సులో వెళ్లాలంటే గంటలు పడుతుంది. మెసేజ్ వచ్చినా ఇతను చేయగలిగింది ఏమీ లేదు, ఫోన్ చేసి నాన్నను లేపడం తప్ప. నాన్న ఫోన్‌కూ అదే మెసేజ్ వెళ్తుంది.

పరీక్ష, అంచనా

నిద్రలేమి తీవ్రత కొలిచే ఐఎస్ఐ ప్రశ్నావళిలో 28కి 20 వచ్చింది. 15 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వైద్యం అవసరమైన నిద్రలేమి కిందే లెక్క. డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 15, ఆందోళనకు జీఏడీ-7లో 21కి 13.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి "కొన్ని రోజులు" అని టిక్కు పెట్టాడు. అక్కడ ఆగి చాలాసేపు మాట్లాడాను. "నేను లేకపోతే నాన్నకు ఫీజుల బరువైనా తగ్గుతుంది కదా అనిపిస్తుందండి" అన్నాడు. ఎలా, ఎప్పుడు అనే ఆలోచన గానీ, ప్రయత్నం గానీ లేదు. ఉన్నా లేకపోయినా మనం వదిలేయకూడని పని ఒకటి ఉంది. చెరువులూ పొలాలూ ఉన్న ఇళ్లలో పురుగుమందులు, రసాయనాలు చేతికందేలా ఉంటాయి. అతని అనుమతితో తల్లితో ఫోన్‌లో మాట్లాడి, వాటిని తాళం వేసిన గదిలో పెట్టించాను. ఆలోచనలు ముదిరితే ఎవరికి చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాం: రూమ్మేట్, అమ్మ, నేను, రాత్రి ఏ వేళైనా పలికే టెలీ మానస్ 14416. ప్రతి వారం ఆ ప్రశ్న మళ్లీ అడిగాను. నిద్ర లేని రాత్రి రెండు మూడు గంటల వేళ ఒంటరిగా మెలకువగా ఉండడమే ఒక ప్రమాదం. పగలు చిన్నగా కనిపించే సమస్య ఆ వేళకు కొండంత అవుతుంది.

మరో సంగతి. ఆగస్టులో ఎవరో చెబితే ఒక మందుల షాపులో ఆల్ప్రాజోలం కొనుక్కుని కొన్నాళ్లు సగం సగం వేసుకున్నాడు. అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అలవాటు పడే మందు కూడా. వాడి వాడి మానేస్తే నిద్ర మునుపటికన్నా చెడుతుంది. ఇతనికీ అలాగే అయింది. హాస్టళ్ల చుట్టూ ఈ మాత్రలు ఇంత తేలిగ్గా దొరకడం నన్ను నిజంగా కలవరపెడుతుంది.

సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. థైరాయిడ్, హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నాయి. గురక, మధ్యలో ఊపిరి ఆగడం లాంటివేమీ లేవని రూమ్మేట్ చెప్పాడు. నిద్ర తగ్గినా అలసట లేకుండా ఉత్సాహం పొంగిపొర్లిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ ఉందా అని ఇద్దరం విడివిడిగా అడిగాం, లేదు. ఇది అడగకుండా నిద్ర సమయం తగ్గించే వైద్యం మొదలుపెట్టకూడదు, బైపోలార్ ఉన్నవాళ్లకు అది మేనియాను, అంటే అదుపులేని ఆ ఉత్సాహాన్ని, రేపగలదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు నిద్ర తగ్గితే ఫిట్స్ రావచ్చు. ఆ రాత్రి దృశ్యాలు గుర్తొస్తున్నాయి గానీ పీటీఎస్‌డీ (పెద్ద దెబ్బ తర్వాత మనసును వదలని జబ్బు) లక్షణాలు పూర్తిగా లేవు. డిప్రెషన్ మందు మొదలుపెట్టే విషయం డాక్టర్ గారు అబ్బాయితో వివరంగా చర్చించారు. అతను ముందు మాత్రలు లేకుండా చూద్దామన్నాడు. మూడు వారాలకు మళ్లీ చూసి, మెరుగు లేకపోతే మందు మొదలుపెడదామని ముగ్గురం ఒప్పుకున్నాం.

నిద్రలేమిని అర్థం చేసుకోవడానికి ఆర్థర్ స్పీల్మన్ 1987లో చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ పనికొస్తుంది. మనిషిలో ముందే ఉన్నవి, ఒకరోజు నిప్పంటించినవి, ఆ తర్వాత ఆరనివ్వకుండా ఎగదోసేవి. ఇతని విషయంలో ముందే ఉన్నవి చెరువు గట్టు మీది పెంపకం, ఇంటర్ కాలేజీ. నిప్పంటించింది జూన్ రాత్రి. ఎగదోస్తున్నవి మాత్రం ఇప్పటివి: మంచం మీద తొమ్మిది గంటలు, సాయంత్రం నిద్ర, రాత్రి టీ, ఫోను, ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోవడం, అన్నిటికీ మించి "నేను నిద్రపోతే నష్టం" అన్న నమ్మకం. పాతవాటిని మార్చలేం. ఎగదోసేవాటి మీద పనిచేయొచ్చు.

డిప్రెషన్ వల్ల నిద్ర పోయిందా, నిద్ర పోయి డిప్రెషన్ వచ్చిందా అని క్లాస్ టీచర్ అడిగారు. రెండు వైపులా నడుస్తుంది. 2011లో వచ్చిన ఒక మెటా విశ్లేషణలో (చాలా అధ్యయనాలను కలిపి చూసే పద్ధతి), డిప్రెషన్ లేకుండా నిద్రలేమి ఒక్కటే ఉన్నవాళ్లకు తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా దాదాపు రెట్టింపు అని తేలింది. విద్యార్థుల మీదే జరిగిన పెద్ద ప్రయోగం డేనియల్ ఫ్రీమన్ బృందానిది. బ్రిటన్‌లో 26 యూనివర్సిటీల నుంచి 3,755 మంది నిద్రలేమి ఉన్న విద్యార్థులను తీసుకుని, సగం మందికి నిద్ర కోసం తయారుచేసిన సీబీటీని, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్సను, ఆన్‌లైన్‌లో ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. వాళ్లకు నిద్ర మెరుగైంది, దాంతో పాటు అనవసర అనుమానాలు, డిప్రెషన్, ఆందోళన కూడా తగ్గాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే దీర్ఘకాల నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఈ పద్ధతినే ఇవ్వాలని సూచించింది. మన దగ్గర దీని పేరు విన్నవాళ్లు తక్కువ.

వైద్యం నడిచిన తీరు

మొదటి వారం ఏమీ మార్చలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రోజూ పొద్దున్న రాయమన్నాను: ఎన్నింటికి మంచం ఎక్కావు, సుమారు ఎప్పుడు పట్టింది, ఎన్నిసార్లు లేచావు, ఎప్పుడు దిగావు, టీ ఎన్ని. వారం చివర లెక్క వేస్తే రాత్రి మంచం మీద సగటున తొమ్మిది గంటలు, నిద్ర ఐదుంపావు. అంటే మంచం మీద గడిపిన సమయంలో నిద్ర 58 శాతం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 85 పైన ఉండాలి.

దాన్ని చూపించి, నీకు మంచం మీద ఐదున్నర గంటలే ఇస్తానన్నాను. రాత్రి పన్నెండున్నరకు ఎక్కడం, ఉదయం ఆరింటికి దిగడం. నిద్ర పట్టినా పట్టకపోయినా, ఆదివారమైనా ఆరు అంటే ఆరు. పగలు కునుకు లేదు. అతను నన్ను నమ్మలేనట్టు చూశాడు. "నిద్ర పట్టట్లేదంటే ఇంకా తగ్గిస్తారేంటండి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో నిద్ర ఒత్తిడి పెరుగుతుంది. సాయంత్రం రెండు గంటలు పడుకుంటే ఆ ఒత్తిడి రాత్రికి మిగలదు. దాన్ని కూడబెట్టి ఒకేసారి రాత్రికి ఖర్చు పెట్టిస్తాం. నిద్ర గట్టిపడ్డాక వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతాం. ఐదు గంటల కన్నా తక్కువకు ఎవరినీ దించకూడదు. మొదటి రెండు వారాలు పగలు తూలుతూ ఉంటుంది కాబట్టి బండి నడపొద్దని మాట తీసుకున్నాను.

రెండో నియమం రిచర్డ్ బూట్జిన్ 1972 నుంచీ చెప్పినది: నిద్ర పట్టకపోతే మంచం దిగిపోవాలి, నిద్ర ముంచుకొస్తేనే మళ్లీ ఎక్కాలి, మంచం మీద చదవడం, ఫోను, తిండి ఏవీ ఉండకూడదు. పుస్తకాల్లో ఇది ఒక్క లైను. హాస్టల్లో పెద్ద సమస్య. ముగ్గురుండే గదిలో అతనికి మంచం తప్ప ఇంకేం లేదు. కుర్చీ అదే, బల్ల అదే, టిఫిన్ తినేదీ అక్కడే. మూడింటికి లేచి ఎక్కడికి వెళ్తాడు? వరండాలో దోమలు కూర్చోనివ్వవు. లైటు వేస్తే రూమ్మేట్లు ఊరుకోరు. వార్డెన్‌తో మాట్లాడాను. చదువుకునే హాలు రాత్రి పదకొండుకు తాళం వేసేవారు, ఇతని కోసం దాన్ని తీసి ఉంచడానికి ఒప్పుకున్నారు. ఒక ఫ్యాన్ కింద ప్లాస్టిక్ కుర్చీ, ఒక్క చిన్న లైటు, పాత వారపత్రికలు. ఫోను గదిలోనే. చదువు పుస్తకాలు కూడా వద్దన్నాను, లేచాను కదా ఒక చాప్టరు లాగేద్దాం అన్న ఆశ ఈ పిల్లలకు వెంటనే పుడుతుంది. పగటి చదువు కూడా మంచం మీంచి ఆ హాలుకే మార్చాడు.

టీ సాయంత్రం నాలుగు తర్వాత బంద్. కెఫీన్ సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, రాత్రి పదకొండింటి టీలో సగం తెల్లవారుజాము నాలుగింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం కునుకు వేళకు వాలీబాల్‌కు పంపాను. మొదట వారం ఒడ్డున కూర్చుని చూశాడట. తర్వాత ఆడాడు.

ఫోను సంగతే కష్టమైంది. మెసేజ్ పరికరంలోంచి నీ నంబరు తీయించు అని మొదటిరోజే చెబితే వినేవాడు కాదు. ఒక పందెంలా పెట్టుకున్నాం. నోట్‌బుక్‌లో ఒక పక్క, పడుకునే ముందు "ఈ రాత్రి చెరువుకు ఏమవుతుందనుకుంటున్నావు" అని రాయాలి, నూటికి ఎంత నమ్మకమో కూడా. పొద్దున్న రెండో పక్క, నిజంగా ఏం జరిగిందో రాయాలి. మొదటి రాత్రులు "80" అని ఉన్నాయి. పక్కన "ఏమీ కాలేదు". ఒక రాత్రి నిజంగానే కరెంటు పోయింది. మెసేజ్ వచ్చింది. ఇతను ఫోన్ చేసేలోపే నాన్న జనరేటరు దగ్గర ఉన్నాడు. ఆ రోజు పేజీలో "నేను చేసింది: ఏమీ లేదు" అని రాసుకుని కింద గీత గీశాడు.

నాన్నగారు వచ్చినప్పుడు

రెండో వారం ముగిసేసరికి నిద్ర కొంత గట్టిపడింది. మూడింటి మెలకువ మాత్రం పోలేదు. తండ్రిని పిలిపిద్దామా అని అడిగితే అబ్బాయి రెండుసార్లు వద్దన్నాడు, మూడోసారి ఊరుకున్నాడు. నాన్నగారు పనులు మానుకుని వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో అరటిపళ్ల సంచి. కుర్చీ అంచున కూర్చుని, "ఆయ్, చెప్పండి మేడం, మావోడు ఏం చేశాడండి?" అన్నారు.

ఆయనతో ముందు విడిగా మాట్లాడాను. కొడుకు నిద్రపోవడం లేదని ఆయనకు తెలియదు. చదువు ఒత్తిడి అనుకున్నారు. తర్వాత ముగ్గురం కూర్చున్నాం. జూన్ రాత్రి గురించి మీరు ఏమనుకున్నారో అబ్బాయికి ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను. చాలాసేపు కిందికి చూసి, అప్పుడు మొదలుపెట్టారు. ఆ జనరేటరు బ్యాటరీ నెల ముందు నుంచే సతాయిస్తోందట. మార్చాలి మార్చాలి అనుకుంటూ, సరుకు అమ్మాక చూద్దాంలే అని ఆపారట. "కరెంటు పోగానే నువ్వు లేచినా అది స్టార్టయ్యేది కాదురా. నేనుండుంటే నేనూ తాడు లాగుతా కూర్చునేవోణ్ణి. బ్యాటరీ కొననిది నేను. ఆ మాట మీ బాబాయి ముందు ఒప్పుకోలేకపోయాను, అందుకే నోరు మూసుకున్నాను. నీ మీద కోపమెక్కడిది నాన్నా?"

ఆయన మౌనానికి కారణం సిగ్గు. కొడుకు దాన్ని కోపంగా చదువుకున్నాడు. నాలుగు నెలలు ఇద్దరూ ఒకే విషయాన్ని చెరో వైపు నుంచి మోశారు. ఆ గదిలో నేను కలగజేసుకుని చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేకపోయింది. అబ్బాయి ఏడ్చాడు. తండ్రి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టారు.

ఆయన్ను ఒక్కటే అడిగాను. "నిద్ర మానుకుని కష్టపడి చదువుకో" అని ఫోన్‌లో అనడం మానేయాలని. మంచి ఉద్దేశంతోనే అంటారు, డెల్టాలో దాదాపు ప్రతి ఇంట్లో అంటారు. పొలం నీటికి రాత్రి వంతు కాసినవాళ్ల పిల్లలం, చెరువు కాసినవాళ్ల పిల్లలం, మనకు నిద్ర తగ్గించుకోవడం గొప్పగుణంగానే తెలుసు. కానీ పగలు చదివింది మెదడులో నిలబడే పనిలో ముఖ్యమైన భాగం నిద్రలో జరుగుతుంది. నిద్ర కోసి చదివే పిల్లాడు చేత్తో పోసి చేత్తో తోడేస్తున్నాడు. ఇది ఆయనకు చెబితే తలూపారు. ఆ సాయంత్రమే పరికరంలోంచి కొడుకు నంబరు తీసేసి, గట్టు మీద మనిషి నంబరు పెట్టించారు.

నంబరు తీశాక మొదటి రెండు రాత్రులు అబ్బాయికి చాలా కష్టంగా గడిచాయి. పొద్దున ఆరున్నరకు, మంచం దిగాక, నాన్నకు ఒక్క మెసేజ్ పెట్టొచ్చని ఒప్పుకున్నాను. రెండు వారాల తర్వాత అది కూడా ఆపించాను. ధైర్యం కోసం అడిగే మెసేజ్ అలవాటైతే ఫోను చూడడం ఆగదు, వేళ మాత్రమే మారుతుంది.

ఫలితం

మూడో వారానికి మంచం మీది ఐదున్నర గంటల్లో ఐదు గంటలు నిద్రే. అంటే 91 శాతం. అక్కడి నుంచి పెంచుకుంటూ వెళ్లాం. సైకియాట్రిస్టు మళ్లీ చూసి, మెరుగు కనిపిస్తోంది కాబట్టి మందు అవసరం లేదన్నారు. చావు ఆలోచనలు నాలుగో వారం నుంచి లేవు. డిసెంబరు మధ్యకు రాత్రి పదకొండుంపావుకు పడుకుని ఆరుంపావుకు లేస్తున్నాడు. మూడింటికి అప్పుడప్పుడూ మెలకువ వస్తుంది, అటు తిరిగి పడుకుంటాడు. రాత్రిలో ఒకట్రెండు సార్లు మెలకువ రావడం అందరికీ ఉండేదే. మెలకువ రాగానే కంగారు పడడమే వదలాల్సింది. ఐఎస్ఐ 7, పీహెచ్‌క్యూ-9 6, జీఏడీ-7 5. డిప్రెషన్ కోసం విడిగా చేసిన పని చాలా కొద్ది. అటెండెన్స్ 68 దగ్గర ఆగింది, కండోనేషన్ కట్టాడు. ఒక సబ్జెక్టు పోయింది.

సంక్రాంతికి ఇంటికెళ్లి అంతా తారుమారు చేసుకొచ్చాడు. మూడు రాత్రులు కోడిపందేల బరుల దగ్గర ఫ్రెండ్స్‌తో తెల్లవార్లూ, పగలు పన్నెండు దాకా నిద్ర. తిరిగొచ్చాక వారం పాటు మళ్లీ మూడింటి మెలకువ, మళ్లీ దడ. "మొత్తం పోయిందండి మేడం" అని ఫోన్ చేశాడు. పోలేదని చెప్పి, లేచే వేళ ఒక్కటి ఆరుంపావుకు బిగించి, పాత నోట్‌బుక్ తీయమన్నాను. పది రోజుల్లో దారిలో పడ్డాడు. ఇలాంటి జారుబాటు వస్తుందని డిసెంబరులోనే చెప్పి, అప్పుడేం చేయాలో అతని చేతే రాయించి ఉంచాం. అది లేకపోతే ఆ ఫోన్ నాకు ఫిబ్రవరిలో వచ్చేదేమో.

ఒక్క కేసు నుంచి ఎంతవరకు చెప్పొచ్చో నాకు తెలుసు. నిద్ర సమయం బిగించడం, తండ్రి మాట, నంబరు తీయడం, వాలీబాల్, అన్నీ కొద్ది వారాల తేడాలో జరిగాయి. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. తండ్రి ఆ బ్యాటరీ మాట చెప్పకపోతే మూడింటి మెలకువ ఇంత త్వరగా లొంగేది కాదని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను. అలాగని మొదటి రెండు వారాల్లో నిద్ర కొంత గట్టిపడి ఉండకపోతే ఆ మాట వినే స్థితిలో అబ్బాయి ఉండేవాడు కాదు.

కాలేజీకి నేను రాసిచ్చిన సూచనల్లో చదువుకునే హాలు రాత్రంతా తెరిచి ఉంచడం ఒప్పుకున్నారు. ఉదయం మెస్ టిఫిన్ మరో అరగంట ఉంచడం ఒప్పుకున్నారు. ఫస్ట్ అవర్ వరసగా ఎగ్గొట్టే పిల్లల జాబితాను ఇంటికి ఫోన్ చేసే ముందు కౌన్సెలర్‌కు పంపమన్నాను, అది ఇంకా తేలలేదు. దాని కోసమే ఎక్కువగా పట్టుపడుతున్నాను. క్రమశిక్షణ సమస్యగా ఆ జాబితాలోకి ఎక్కే పేర్లలో నిద్ర చెడిన పిల్లలు, లోపల కుమిలిపోతున్న పిల్లలు కచ్చితంగా ఉంటారు.

మార్చిలో చూసినప్పుడు ఐఎస్ఐ 6. వేసవి పంటకు నాన్న సీడు వేశారు, జనరేటరుకు కొత్త బ్యాటరీ వచ్చింది. సెలవుల్లో వారానికి రెండు రాత్రులు తానూ షెడ్డులో పడుకుంటానన్నాడు. వద్దనలేదు. గట్టు మీద మనిషితో వంతులేసుకుని, తన వంతు అయ్యాక నిజంగా పడుకోవాలని, ఆ రెండు రాత్రుల మర్నాడు కూడా ఆరుంపావుకు లేవడం తప్పించొద్దని చెప్పాను. జూన్ మొదటి వారంలో ఫోన్ చేస్తానని ముందే చెప్పి ఉంచాను.